పొరుగు దేశాల చట్టాలు ఎందుకు వేరయ్యాయో తెలుసుకోవడం ఎలా

రెండు పక్కపక్క దేశాల చట్టాలు ఎందుకు వేరయ్యాయో తెలుసుకోవాలంటే చాలామంది నేరుగా రాజ్యాంగాలు తెరుస్తారు. అలా మొదలుపెట్టకండి. చాలా దేశాల్లో కోర్టులు, లాయర్లు, తీర్పులు అన్నీ ఇప్పటి రాజ్యాంగం కంటే ముందువే.

ముందు ఆ నేలను ఎవరెవరు ఏలారో, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకానో ఒక కాగితం మీద రాసుకోండి. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా, టోగోలను చూడండి. దక్షిణాన సరిహద్దుకు రెండు పక్కలా ‘ఎవే’ అనే తెగ ప్రజలే, మాట్లాడేదీ ఒకే భాష. అయినా ఘనాలో ఇంగ్లిష్ కామన్ లా, అంటే పై కోర్టుల పాత తీర్పులను తర్వాతి కేసుల్లో పాటించే పద్ధతి. టోగోలో ఫ్రెంచి పద్ధతి, అక్కడ ప్రధాన ఆధారం కోడ్, అంటే ఒకచోట చేర్చి రాసిపెట్టిన చట్టాల సంపుటి. జర్మనీ చేతిలో ఉన్న టోగోలాండ్‌ను 1914లో బ్రిటన్, ఫ్రాన్స్ పట్టుకుని పంచుకున్నాయి, 1956లో ఓటింగ్ జరిగాక బ్రిటన్ వాటా పక్కనే ఉన్న బ్రిటిష్ వలస గోల్డ్ కోస్ట్‌తో కలిసింది, మరుసటి ఏడాది అదే ఘనా అయింది. ఫ్రాన్స్ వాటా ఇప్పటి టోగో.

తర్వాత అడగాల్సిన ప్రశ్న, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది: పాలకుడు మారినప్పుడు పాత చట్టాన్ని తీసేశారా, ఉంచారా? జెండా మారిన రోజే చట్టమూ మారిందని అనుకుంటే తప్పులో కాలేస్తారు. దక్షిణ అమెరికాలోని గయానా, సురినామ్ రెండూ ఒకప్పుడు డచ్ వాళ్లవే. గయానా 1814లో అధికారికంగా బ్రిటన్‌కు దక్కినా సివిల్ వ్యవహారాల్లో రోమన్-డచ్ చట్టం, అంటే పాత రోమన్ చట్టం ఆధారంగా డచ్ వాళ్లు నడిపిన చట్టం, 1917 దాకా సాగింది, అంటే ఆ వ్యవహారాల్లో వందేళ్లకు పైగా బ్రిటిష్ పాలన కింద డచ్ చట్టమే! సురినామ్ మాత్రం 1975 దాకా డచ్ వాళ్ల దగ్గరే ఉండి ఆ దారిలోనే సాగింది.

వలస పాలనే లేని చోట, చట్టం ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఒత్తిడితో నేర్చుకున్నారో వెతకండి. థాయ్‌లాండ్‌ను ఎవరూ వలసగా ఏలలేదు. కానీ బ్రిటన్‌తో చేసుకున్న 1855 నాటి బౌరింగ్ ఒప్పందంతో మొదలై, అక్కడి బ్రిటిష్ వాళ్లపై, తర్వాత ఇతర విదేశీయులపై కేసులు వాళ్ల కాన్సులేట్లకే వెళ్లేవి. ఆ అవమానం పోగొట్టుకోవడానికి యూరప్, జపాన్ కోడ్‌లు చూసి సొంత కోడ్‌లు రాసుకున్నారు. పక్కనున్న మలేషియాకు కామన్ లా బ్రిటిష్ పాలనతో వచ్చింది.

చివరగా భూమి, పెళ్లి, వారసత్వం విడిగా చూడండి, ఎందుకంటే మిగతావన్నీ మారినా ఇవి అంత తొందరగా మారవు. గయానాలో భూమి హక్కు బదిలీ చేసే పత్రాన్ని ఇప్పటికీ డచ్ కాలం నాటి లాగే ‘ట్రాన్స్‌పోర్ట్’ అంటారు.