కరెంటుతో నికెల్ పూత వేసే తొట్టిలో సరుకు దించే ముందు

– ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్, తర్వాతే రెక్టిఫయర్ (తొట్టికి డీసీ కరెంటు ఇచ్చే యంత్రం). రబ్బరు గ్లవ్స్, కళ్ళద్దాలు, ఏప్రన్ తప్పనిసరి. నికెల్ నీళ్ళు పడితే కొందరికి చర్మం దురదపెట్టి పొక్కుతుంది.

– నీళ్ళలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్ళు కాదు. పక్కన సయనైడ్‌తో రాగి పూత వేసే తొట్టి ఉంటే అందులో యాసిడ్ కలవకూడదు: ప్రాణం తీసే హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుడుతుంది. యాసిడ్, సయనైడ్ రెండింటి కడుగు నీళ్ళూ వేర్వేరుగా పోవాలి.

– వాట్స్ ద్రావణానికి (నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్, బోరిక్ యాసిడ్ కలిపిన నికెల్ నీళ్ళు) పీహెచ్ 3.5–4.5, వేడి 45–60 డిగ్రీలు. బోరిక్ యాసిడ్ లీటరుకు 30–45 గ్రాములు. తగ్గితే అంచులు మాడినట్టు నల్లబడతాయి.

– కడిగిన ముక్కను మంచినీళ్ళలో ముంచి ఎత్తి చూడండి. నీటి పొర అంతటా పరచుకుని నిలవాలి. ఎక్కడైనా విరిగి బొట్లుగా చేరితే జిడ్డు పోలేదన్నమాట. రేపు పూత పెచ్చులూడేది అక్కడే. అర నిమిషం పని, అయినా ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ.

– ముక్క నెగెటివ్‌కు, నికెల్ యానోడ్లు (తొట్టిలో వేలాడదీసే నికెల్ లోహం) పాజిటివ్‌కు. తారుమారైతే ముక్కే కరుగుతుంది.