కేవిటీ లాక్ నిలవట్లేదా? లక్షణాన్ని బట్టి కారణం పట్టుకోండి

అయాన్లకు (విద్యుదావేశమున్న పరమాణువులకు) వేగం పెంచే సూపర్ కండక్టింగ్ లినాక్ అనే యంత్రం చూడాలంటే ఢిల్లీకో ముంబైకో వెళ్లాలి. అందులో రేడియో తరంగాల విద్యుత్ ఫీల్డ్‌తో అయాన్లను తోసే బోలు లోహపు డబ్బాలే కేవిటీలు. ఇలాంటి కేవిటీల్లో వాడే నియోబియం లోహాన్ని శుద్ధి చేసే పని మన హైదరాబాద్ ఎన్ఎఫ్‌సీలో (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో) జరుగుతుంది. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ మీదుగా రోజూ కాలేజీకి వెళ్లే ఎంటెక్ పిల్లలు కొందరు ఇప్పుడు కేవిటీ డిజైన్ నేర్చుకుంటున్నారు. వాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ఇబ్బందులే ఇక్కడ రాస్తున్నాను. లాక్ అంటే కేవిటీ ఫ్రీక్వెన్సీని పవర్ ఇచ్చే జనరేటర్ ఫ్రీక్వెన్సీతో కలిపి పట్టి ఉంచడం. ముందుగా ఒక్క పని చేయండి: సమస్య ఎంత పవర్ దగ్గర మొదలైందో రాసుకోండి. సగం జవాబు అందులోనే ఉంటుంది.

పవర్ ఎంత పెంచినా ఫీల్డ్ అట్టడుగునే ఆగిపోతోంది.
ఇది మల్టీపాక్టింగ్. ఎలక్ట్రాన్లు గోడను తాకి మరిన్ని ఎలక్ట్రాన్లను లేపుతాయి, ఇచ్చిన పవరంతా అవే తినేస్తాయి. పల్సులతో గంటల తరబడి కండిషనింగ్ చేయాలి, అంటే గోడను మెల్లగా అలవాటు చేయాలి. చల్లబరిచే ముందే వాక్యూమ్‌లో 100 డిగ్రీల పైచిలుకు వేడి చేసి గోడల తేమ పోగొడితే పని చాలా తేలికవుతుంది. మధ్యలో విసిగి ఆపేయకండి.

ఫీల్డ్ వస్తోంది, లాక్ మాత్రం నిమిషానికోసారి తెగుతోంది.
నాకు తెలిసి మనిషిని ఎక్కువ ఏడిపించేది ఇదే. లెక్క చూడండి. 97 మెగాహెర్ట్జ్ క్వార్టర్ వేవ్ కేవిటీకి క్యూ విలువ (శక్తిని ఎంత తక్కువగా పోగొట్టుకుంటుందో చెప్పే సంఖ్య) 20 కోట్లు ఉందనుకుంటే, దాని సహజ బ్యాండ్‌విడ్త్, అంటే అది స్పందించే ఫ్రీక్వెన్సీల వెడల్పు, దాదాపు అర హెర్ట్జ్. పైనుంచి కిందికి వేలాడే సెంట్రల్ కండక్టర్ గంట నాలుకలా ఊగుతుంది. పంపు అదురు, కేవిటీని చల్లబరిచే ద్రవ హీలియంలోని బుడగలు, పక్కన ఎవరో నడవడం, ఏదైనా చాలు ఫ్రీక్వెన్సీ పక్కకు జరగడానికి. కప్లింగ్ (కేవిటీకీ పవర్ కేబుల్‌కూ మధ్య జోడింపు) పెంచి బ్యాండ్‌విడ్త్‌ను వెడల్పు చేయొచ్చు, కానీ ఆ మేరకు ఆంప్లిఫయర్ పవర్ ఎక్కువ కావాలి, కేబుల్ వేడెక్కుతుంది. అందుకే ముందు అదురునే చంపాలి. ఢిల్లీలోని ఐయూఏసీ (ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్) వాళ్లు బోలుగా ఉండే సెంట్రల్ కండక్టర్‌లో చిన్న స్టెయిన్‌లెస్ స్టీల్ గోళీలు పోశారు. కండక్టర్ ఊగినప్పుడు గోళీలు ఒకదానికొకటి రాసుకుని ఆ శక్తిని అరగదీస్తాయి. ఇంత సులువైన ఉపాయం ఇంత పెద్ద యంత్రంలో పనిచేయడం నాకిప్పటికీ అబ్బురమే. ఫ్రీక్వెన్సీ వణక్కుండా నెమ్మదిగా ఒకవైపే జారుతుంటే మాత్రం హీలియం ప్రెషర్ గ్రాఫ్ పక్కన పెట్టి చూడండి. రెండు గీతలూ కలిసి నడిస్తే ప్రెషర్‌ను స్థిరపరచండి, మిగిలింది కేవిటీ ఫ్రీక్వెన్సీని సరిచేసే మెకానికల్ ట్యూనర్ చూసుకుంటుంది.

ఫీల్డ్ పెంచగానే క్యూ పడిపోతోంది, ఎక్స్‌రే మీటర్ లేస్తోంది.
ఇది ఫీల్డ్ ఎమిషన్, అంటే బలమైన ఫీల్డ్ గోడ నుంచి ఎలక్ట్రాన్లను లాగేస్తోంది. లోపల ఎక్కడో దుమ్ము ఉంది. క్లీన్‌రూమ్‌లో విప్పి, సుమారు 100 బార్ ఒత్తిడితో అతి శుద్ధమైన నీటితో కడగాలి. ఫ్లాంజ్ బోల్టు బిగించేటప్పుడు రాలే, కంటికి కనిపించని లోహపు పొడి కూడా చాలు. బోల్టును నెమ్మదిగా తిప్పండి, ఫ్లాంజ్‌ను తెరిచిన వైపు కిందికి ఉంచండి.

తక్కువ ఫీల్డ్‌లోనే క్యూ నాసిరకంగా ఉంది.
చల్లబరిచిన రికార్డు తీయండి. 150 నుంచి 70 కెల్విన్ మధ్య ఎక్కువసేపు నిలిచిందా? నియోబియంలో ఇరుక్కున్న హైడ్రోజన్ అక్కడే హైడ్రైడ్‌గా గడ్డకడుతుంది. గది ఉష్ణోగ్రతకు తెచ్చి, ఈసారి ఆ మెట్టు త్వరగా దాటించండి. శాశ్వత మందు కావాలంటే 600 నుంచి 800 డిగ్రీల వాక్యూమ్ ఫర్నేస్.

అన్నీ బాగున్నాయి, బీమ్‌కు మాత్రం శక్తి పెరగట్లేదు.
కేవిటీని తిట్టకండి. కాంతి వేగంలో 0.08 వంతు వేగానికి చేసిన, పైన చెప్పిన 97 మెగాహెర్ట్జ్ కేవిటీలో అయాన్‌ను తోసే రెండు గ్యాప్‌ల మధ్య దూరం సుమారు 12 సెంటీమీటర్లు. మీ అయాన్ అంతకన్నా బాగా నెమ్మదైతే, అది రెండో గ్యాప్ చేరేసరికి ఫీల్డ్ తిరగబడి ఉంటుంది. ఒక్కో కేవిటీ ఫేజ్‌ను (ఫీల్డ్ ఊగే సమయాన్ని) 360 డిగ్రీలు తిప్పుతూ బీమ్ శక్తి కొలవండి. వచ్చిన వంపు చదునుగా ఉంటే వేగమే కుదరలేదన్నమాట, ఆ చోట తక్కువ బీటా కేవిటీ, అంటే ఇంకా తక్కువ వేగానికి చేసినది పెట్టాలి. వంపు పెద్దదిగా వస్తే మీ ఫేజ్ సెట్టింగే తప్పు, పీక్ చూసి సరిచేసుకోండి.