ఆర్‌ఓ మెంబ్రేన్ మీరే మార్చుకోవడం ఎలా?

కావలసినవి: కొత్త మెంబ్రేన్ (నీళ్ల ఫిల్టర్‌లో ఉప్పును ఆపే పొర చుట్ట; ఇళ్లలో ఎక్కువగా 75 లేదా 80 జీపీడీ, అంటే రోజుకు అన్ని గ్యాలన్లు), దానికి సరిపడే ఎఫ్‌ఆర్ (వృథా నీళ్ల ధారను అదుపు చేసే ఫ్లో రిస్ట్రిక్టర్), హౌసింగ్ (మెంబ్రేన్ ఉండే గొట్టం) విప్పే స్పానర్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటర్. మీటర్ లేకుండా పని మొదలుపెట్టకండి. నీళ్లు నోట్లో పోసుకుని మెంబ్రేన్ పోయిందని తేల్చేవాళ్ల మాట నేను నమ్మను.

ముందు కొలవండి. ట్యాంకులో కాదు, మెంబ్రేన్ నుంచి వచ్చే పైపు దగ్గర. టీడీఎస్ అడ్జస్టర్ ఉంటే పూర్తిగా మూసేయండి, లేకపోతే అది పచ్చినీళ్లు కలిపి లెక్క చెడగొడుతుంది. కుళాయి నుంచి వచ్చే నీళ్ల టీడీఎస్ 600 ఉంటే శుద్ధి అయినవి 60 లోపు ఉండాలి. టీడీఎస్ బాగానే ఉండి ధార మాత్రం సన్నగా వస్తుంటే ముందు ఫిల్టర్లు, పంపు చూడండి.

ప్లగ్ తీసి, నీళ్లు కట్టేసి, పైపు ఊడదీసి, హౌసింగ్ మూత విప్పండి. పాత మెంబ్రేన్‌ను పట్టకారుతో మెలితిప్పుతూ లాగితే వచ్చేస్తుంది. అడుగున పాత ఓ-రింగ్ ఊడి మిగిలిపోయిందేమో వేలు పెట్టి చూడండి.

ఇక అసలు పని, కొత్తది కూర్చోబెట్టడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. రెండు చిన్న ఓ-రింగులున్న సన్న చివర ముందు లోపలికి వెళ్లాలి. ఓ-రింగులను నీళ్లతో తడిపితే చాలు. వాజలిన్, వంటనూనె రాయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. మెంబ్రేన్‌ను చేత్తో తడమకండి, కవరుతోనే పట్టుకోండి.

నిటారుగా, కొద్దిగా తిప్పుతూ నొక్కండి. పై చివరనున్న నల్లటి రబ్బరు సీల్ మధ్యలో అడ్డుకుంటుంది. అక్కడికి అయిపోయిందనుకుని, మిగిలింది మూతే నొక్కుతుందిలే అని బిగించేస్తారు. నొక్కదు. రెండు బొటనవేళ్లతో ఇంకా గట్టిగా నొక్కితే ఓ-రింగులు అడుగు గుంటలోకి దిగడం చేతికి తెలుస్తుంది. అది తెలిసేదాకా మూత ముట్టుకోవద్దు. ఓ-రింగ్ మడతపడినా, దిగకపోయినా ఉప్పునీళ్లు పక్కనుంచి నేరుగా మంచినీళ్లలో కలుస్తాయి. అప్పుడు మీటర్ 300 చూపిస్తే "డూప్లికేట్ మెంబ్రేన్ ఇచ్చాడు" అని షాపువాడి మీద పడతారు, ఇంకోటి కొంటారు. తీసి మళ్లీ కూర్చోబెడితే సరిపోయేది.

ఎఫ్‌ఆర్ కూడా ఇప్పుడే మార్చాలి. అది పూడుకుపోతే వృథా నీళ్లు బయటికి పోవు, లవణాలన్నీ మెంబ్రేన్ మీదే పేరుకుంటాయి. కార్బన్ ఫిల్టర్ సంగతీ అంతే. మెంబ్రేన్ అంటే పాలిస్టర్ గుడ్డ మీద పాలిసల్ఫోన్ అనే ప్లాస్టిక్, దాని మీద మైక్రాన్‌లో చిన్న భాగమంత పాలిఅమైడ్ పొర. ఉప్పును ఆపేది ఆ పై పొరే, కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని తినేస్తుంది. కార్బన్ ఉన్నది క్లోరిన్‌ను ఆపడానికే.

చౌక అని ఆర్‌ఓ బదులు యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్, కాస్త పెద్ద రంధ్రాల పొర) పెట్టించుకునేవాళ్లకు ఒక మాట. యూఎఫ్ బ్యాక్టీరియాను ఆపుతుంది, నీళ్లలో కరిగినవాటిని ఆపదు. నల్గొండ వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్లకు అది పనికిరాదు. 200 టీడీఎస్ లోపు మున్సిపల్ నీళ్లు వచ్చే ఇంట్లో మాత్రం ఆర్‌ఓ దండగ, యూఎఫ్, యూవీ (క్రిములను చంపే అతినీలలోహిత దీపం) చాలు.

మూత బిగించి నీళ్లు వదలండి, కారుతుందేమో చూడండి. మెంబ్రేన్ పాడవకుండా వేసిన మందు ఉంటుంది కాబట్టి మొదటి ట్యాంకు పారబోసి, రెండో ట్యాంకు నిండాక మళ్లీ కొలవండి.