టార్టూలో పిల్లలతో ఒక రోజు

ఎస్తోనియాలోని టార్టూను పిల్లలతో చూడదలచినవారు టౌన్‌హాల్ కూడలి నుంచి నడక ప్రారంభించడం మంచిది. కూడలికి నదివైపు చివరన ఉన్న ఒరిగిన ఇంటి ముందు కాసేపు ఆగండి. ఒక పక్క పాత నగరపు గోడ పునాదిమీద, మరొక పక్క కొయ్య దుంగలమీద కట్టినందువల్ల ఆ పక్క కుంగి భవనం వాలిపోయింది, గోడ పక్కన పిల్లలను నిలబెడితే ఆ వాలు స్పష్టంగా తెలుస్తుంది.

1632లో స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ స్థాపించిన విశ్వవిద్యాలయపు ప్రధాన భవనాన్ని దాటి కొద్ది దూరం నడిస్తే సెయింట్ జాన్ చర్చి వస్తుంది. దాని గోడలమీద శతాబ్దాల నాటి కాల్చిన మట్టి బొమ్మలు ఉన్నాయి. వాటి ముఖాలను తీరికగా, ఒక్కొక్కటిగా చూడాలి, ఈ ఊరిలో నాకు అన్నిటికంటే ప్రియమైనవి అవే.

తర్వాత టూమె గుట్ట ఎక్కండి. శిథిలమైన కేథడ్రల్‌లో బాగుచేసిన భాగంలో విశ్వవిద్యాలయ మ్యూజియం ఉంది. సమీపంలోని పాత ఖగోళ పరిశీలనశాలలో పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త స్ట్రూవె, భూమి ఆకారాన్ని, పరిమాణాన్ని తెలుసుకోవడానికి నార్వే నుంచి నల్లసముద్రం దాకా 2,820 కిలోమీటర్ల రేఖను కొలిపించాడు. 2005లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

మధ్యాహ్నం వాన పడితే ఆహా విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి, అక్కడ పిల్లలు ప్రయోగాలను తమ చేతులతోనే చేయవచ్చు. మరీ చిన్నవారికి బొమ్మల మ్యూజియం నచ్చుతుంది. పాత సోవియట్ సైనిక వైమానిక స్థావరపు రన్‌వే అంచున 2016లో తెరిచిన జాతీయ మ్యూజియం ఊరి నడిబొడ్డుకు కొంత దూరం కాబట్టి, దానికి వేరొక పూట కేటాయించి బస్సులో వెళ్లండి.