చిన్న సిక్లిడ్లు కలిపి పెంచాలంటే: ముందు నీళ్ళు, తర్వాత నేల

చేపల షాపుకి వెళ్ళేముందు మీ ఇంట్లో ఏ నీళ్ళు వస్తున్నాయో చూసుకోండి. సిక్లిడ్లంటే ఒక చేపల కుటుంబం, అందులో ఏవి పెంచాలో సగం ఆ నీళ్ళే తేల్చేస్తాయి. మాది హైదరాబాద్‌లో నాచారం. బోరు నీళ్ళలో టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన ఉప్పులు కొలిచేది) ముంచితే 600 దాటుతుంది. ర్యామ్, అపిస్టోగ్రామా (అపిస్టో) అనే చిన్న సిక్లిడ్లు పుట్టిందేమో దక్షిణ అమెరికాలో ఉప్పు శాతం బాగా తక్కువున్న వాగుల్లో. మా బోరు నీళ్ళలో అవి నాలుగు రోజులు బతికినా రంగు రాదు, గుడ్లు నిలవవు.

అందుకే నేను బోరు నీళ్ళు ఒక పాలు, ఆర్వో నీళ్ళు మూడు పాళ్ళు కలుపుతాను. మీటరు 190 దగ్గర ఆగుతుంది, అది చాలు. మంజీరా నల్లా ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, క్లోరిన్ పోగొట్టుకుంటే సరిపోతుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు ఖరీదేం కాదు.

ఆర్వో లేదు, బోరు తప్ప దిక్కులేదు అంటారా? ర్యామ్‌ల మీద ఆశ మానేసి మల్టీలు పెంచండి. ఆఫ్రికాలో టాంగన్యికా సరస్సులో, నత్త గుల్లల్లో కాపురముండే చిన్న సిక్లిడ్లివి. ఉప్పులెక్కువున్న గట్టి నీళ్ళే కావాలి, పీహెచ్ (నీళ్ళు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) 8 పైన ఉండాలి. రెండడుగుల ట్యాంకులో రెండంగుళాల ఇసుక పోసి, చేపల కంటే ఎక్కువగా నత్త గుల్లలు పరిస్తే వాటి కాపురం అవే చూసుకుంటాయి. వాటితో ఇంకే సిక్లిడ్‌నీ కలపకండి.

ఇక కలిపి పెంచే సంగతి. సిక్లిడ్లు తిండి కోసం కొట్టుకునేది తక్కువ, జాగా కోసం కొట్టుకునేది ఎక్కువ. హద్దురాళ్ళు లేని ప్లాటు పక్కన ప్లాటు కొన్నట్టే, రోజూ పంచాయితీ. కాబట్టి ట్యాంకు ఎత్తు చూసి మురిసిపోకండి, అడుగు భాగం కొలవండి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉంటే రెండు జాతులు. అంతకంటే చిన్నదైతే ఒక్క జాతే.

ఏ రెండు? గుడ్లు వేరువేరు చోట్ల పెట్టేవి. ర్యామ్ జంట చదునైన రాయి మీద, బయటే పెడుతుంది. కాకటుయాయిడిస్ అనే అపిస్టో గుహలో, పైకప్పుకి అంటిస్తుంది. ఒకదాని జాగాతో ఇంకోదానికి పనిలేదు. నా ట్యాంకులో ఒక ర్యామ్ జంట, అపిస్టోల్లో ఒక మగ, మూడు ఆడ. రెండు రకాల అపిస్టోలు కలపొద్దు. ఆడవి చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, సంకరం కూడా అవుతాయి. క్రిబెన్సిస్ అనే ఇంకో సిక్లిడ్‌దీ గుహ బతుకే, పైగా మొండిది. పిల్లలు పుడితే ట్యాంకంతా తనదే అంటుంది. దానికి వేరే ట్యాంకు పెట్టండి.

గుహలకి కొబ్బరి చిప్పలకు మించినవి లేవు. పీచు గీకేసి, కొబ్బరి ముక్క మిగలకుండా చెక్కి, నీళ్ళకి రంగు దిగడం ఆగేదాకా మార్చి మార్చి ఉడికించండి. బోర్లించి, అంచున రంపంతో బొటనవేలు పట్టేంత గాడి కోయండి. ఆడ చేప దూరాలి, మగది దూరకూడదు, కొలత అదే. మూడు ఆడవాటికి కనీసం నాలుగు చిప్పలు, ఒకదాని గుమ్మంలోంచి ఇంకోటి కనబడకుండా తిప్పి పెట్టండి. మధ్యలో చెక్క దుంగ, దాని వెనక గుబురుగా మొక్కలు. ఎదుటివాడు కనబడకపోతే సగం గొడవ లేనట్టే. ఎండి రాలిన బాదం ఆకులు మూడో నాలుగో కడిగి వేయండి. నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి, “నీళ్ళు మార్చవా ఏంటి?” అని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. చేపలకి మాత్రం అదే ఇష్టం.

ట్యాంకు కనీసం రెండు నెలలు నడిచాకే ర్యామ్‌లు తేవాలి. షాపులో మరీ మెరిసిపోయే పిల్ల ర్యామ్‌లని నమ్మకండి, రంగు కోసం హార్మోన్ మేత పెట్టినవి ఉంటాయి. మీ ఎదుట మేత వేయించి, తిన్నదాన్నే కొనండి. పొట్ట గులాబీ రంగులో ఉంటే ఆడది. ట్యాంకులో వేసే వరస: ముందు అపిస్టో ఆడవి, తర్వాత మగది, చివర ర్యామ్‌లు. కొత్త చేప వేసిన రోజు రాళ్ళు జరిపి, లైటు ఆపేయండి.

ఆడ అపిస్టో ఒంటికి పసుపు పూసుకున్నట్టయి, నల్ల చారలు తేలి చిప్ప గుమ్మం వదలకపోతే లోపల గుడ్లున్నాయన్నమాట. తనకంటే రెట్టింపున్న మగవాణ్ణి కూడా తరుముతుంది. కంగారుపడి చెయ్యి పెట్టకండి. పిల్లలు బయటికొచ్చాక రెక్కలు చిన్నగా అదిలిస్తుంది, అవన్నీ టక్కున నేలకి అతుక్కుంటాయి. ఏదైనా చేప రెక్కలు ముడుచుకుని, పై మూలన ఫిల్టర్ వెనక నక్కితే మాత్రం అది ఓడిపోయిందని అర్థం. ఆ పూటే తీసేయండి, రేపటిదాకా ఆగొద్దు.

వేడి 27 డిగ్రీలైతే రెండు జాతులకీ సరిపోతుంది. డిసెంబర్, జనవరి రాత్రులకి హీటర్ తప్పదు. మే నెలలో దానికి ఉల్టా: మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్ళే పోయాలి, ఎందుకంటే నీళ్ళు పోతాయి కానీ ఉప్పులు ట్యాంకులోనే ఉండిపోతాయి. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఉండాలి, వేడి నీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువ. ఎండాకాలం సంపులోకి ట్యాంకర్ నీళ్ళు వస్తే మీటరు ముంచి చూడకుండా ఒక్క మగ్గు కూడా పోయకండి.