వంశావళి చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: తల్లి పేరు వెతకండి

మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని యేసు వంశావళిలో ఉన్న తామారు, రాహాబు, రూతు, ‘ఊరియా భార్య’ గురించి గత పాఠంలో చూశాం. ఈసారి మత్తయి రాయని తల్లులను వెతుకుదాం. నోటుబుక్కు, బైబిలు దగ్గర పెట్టుకోండి.

పద్ధతి సులువే. యూదా రాజు గద్దెనెక్కిన చోట రాజుల గ్రంథాల్లో అతని వయసు, ఏలిన ఏళ్లు, వెంటనే తల్లి పేరు మామూలుగా ఉంటాయి. మత్తయి 1:7లో సొలొమోను తర్వాత రెహబాము ఉన్నాడు కదా, 1 రాజులు 14:21 తీయండి. అతని తల్లి నయమా, అమ్మోనీయురాలు. అదే మాట 31వ వచనంలో మళ్లీ ఉంది. చదివేవాళ్లు దాటేసి పోకూడదనే రెండుసార్లు రాశారేమో అనిపిస్తుంది నాకు.

ఇక్కడ ఆగి లెక్క కట్టండి. రాజయ్యేనాటికి రెహబాముకు 41 ఏళ్లు. సొలొమోను ఏలింది 40 ఏళ్లు (1 రాజులు 11:42). అంటే తండ్రి గద్దెనెక్కకముందే ఈ బిడ్డ పుట్టాడు. నయమా సొలొమోను ముసలితనంలో చేసుకున్న భార్య కాదు. దావీదు బతికుండగానే ఆ ఇంటికి వచ్చిన కోడలు.

ఇప్పుడు ఆదికాండం 19:37-38 చూడండి. మోయాబీయులు, అమ్మోనీయులు లోతు కూతుళ్ల సంతానం. రూతు మోయాబీయురాలు, నయమా అమ్మోనీయురాలు. సమాజంలో చేరనివ్వొద్దని ద్వితీయోపదేశకాండం 23:3 చెప్పిన రెండు జాతులూ తల్లుల వైపు నుంచి దావీదు వంశంలోకి వచ్చేశాయి. అబ్రాహాముతో మొదలైన పట్టికలో అతని సోదరుడి కొడుకు లోతు రెండు దారుల్లో పూర్వీకుడయ్యాడు! నన్నడిగితే ఈ వంశావళిలో ఇంతకంటే ఆశ్చర్యమైన సంగతి లేదు.

ఇక మత్తయి 1:8. యెహోరాము తర్వాత నేరుగా ఉజ్జియా వస్తాడు. మధ్యలో అహజ్యా, యోవాషు, అమజ్యా ఉండాలి, వాళ్లను రాసుకోండి. అహజ్యా తల్లి అతల్యా. 2 రాజులు 8:18 ప్రకారం యెహోరాము భార్య అహాబు కూతురు. అలా ఇశ్రాయేలు రాజు అహాబు కూడా ఈ వంశంలో ఒక తాత. 8:26లో ‘ఒమ్రీ కుమార్తె’ అని కనిపిస్తే కంగారు పడకండి, ఒమ్రీ అహాబు తండ్రి. అతల్యా అహాబు భార్య యెజెబెలు కూతురని ప్రసంగాల్లో వింటుంటాం. వచనంలో ఉన్నది అహాబు పేరే, నోటుబుక్కులో అంతవరకే రాయండి.

ఇంటిపని: హిజ్కియా, మనష్షే, ఆమోను, యోషీయాల తల్లుల పేర్లు వెతకండి. యూదా రాజుల్లో ఇద్దరి దగ్గర మాత్రం రాజుల గ్రంథాలు తల్లి పేరు చెప్పవు. ఆ ఇద్దరెవరో పట్టుకోండి. నాలుగో పాఠం వాళ్లతోనే మొదలుపెడదాం.