పిల్లల్లో సైన్స్ వృత్తులపై ఆసక్తి పెంచడం ఎలా?

పెద్దయ్యాక చింపాంజీల పరిశోధనతో పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త జేన్ గుడాల్‌కు నాలుగేళ్ల వయసులో ఒక అనుమానం వచ్చింది. గుడ్డు బయటికి రావడానికి కోడి ఒంట్లో అంత పెద్ద దారి ఎక్కడుంది? సరైన జవాబు దొరక్క కోళ్ల గూట్లో దూరి, గంటల తరబడి కదలకుండా కూర్చుంది. ఇంట్లోవాళ్లు పాప కనిపించక కంగారుపడి వెతికారు. చివరికి ఒంటినిండా గడ్డితో పరుగెత్తుకొచ్చిన కూతుర్ని తల్లి తిట్టలేదు. ఆ కళ్లలో మెరుపు చూసి, పక్కనే కూర్చుని, గుడ్డు ఎలా వచ్చిందో పాప నోటనే విన్నది. 1960లో చింపాంజీలను పరిశీలించడానికి గుడాల్ ఆఫ్రికాలోని గోంబే అడవికి వెళ్లినప్పుడు మొదటి నెలల్లో తోడుగా ఉన్నదీ ఆ తల్లే.

పిల్లల్ని సైన్స్ వైపు నడిపించాలంటే మనం సైన్స్ చదివి ఉండాలన్న నియమం లేదు. వాళ్ల కుతూహలానికి తోడుగా కూర్చునే ఓపిక మాత్రం తప్పనిసరి.

1. జవాబు చెప్పడానికి తొందరపడకండి

"చందమామ పగలు కూడా కనిపిస్తోందేమిటి?" అని అడిగితే ఫోను తీసి వెతకడం సులువే. కానీ అలా దొరికిన జవాబుతో ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. "నీకేమనిపిస్తోంది?" అని అడగండి. వచ్చిన ఊహ తప్పైనా వెంటనే సరిదిద్దకండి. "అది నిజమో కాదో ఎలా తెలుసుకుందాం?" అన్నది రెండో ప్రశ్న కావాలి. మీకు తెలియకపోతే తెలియదనే చెప్పండి. పెద్దవాళ్లకూ తెలియని సంగతులు ఉంటాయని, వాటిని కనుక్కోవచ్చని పిల్లలకు అర్థమవడం చాలా ముఖ్యం.

2. కొలిచే అలవాటు చేయండి

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన మెట్టు ఇదే. ఖరీదైన ప్రయోగ పెట్టెలు అక్కర్లేదు. దారానికి ఒక తాళంచెవి కట్టి, కట్టిన చోటి నుంచి తాళంచెవి మధ్య వరకు 25 సెంటీమీటర్లు ఉండేలా వేలాడదీయండి. కొద్దిగా పక్కకు లాగి వదిలి, పది ఊపులకు ఎంతసేపు పట్టిందో చూడమనండి. అటు వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు. సుమారు 10 సెకన్లు పడుతుంది.

ఇప్పుడు అడగండి: ఇంకో తాళంచెవి కలిపి బరువు పెంచితే ఊపు వేగం మారుతుందా? చాలామంది పిల్లలు మారుతుందనే అంటారు. పొడవు మార్చకుండా చేసి చూస్తే దాదాపు అదే సమయం వస్తుంది! తమ ఊహ తమ కళ్ల ముందే తప్పిపోయిన ఆ క్షణంలో పిల్లల ముఖం చూడాలి. తర్వాత దారం పొడవును మీటరుకు పెంచమనండి. పొడవు నాలుగింతలైతే సమయం రెండింతలే అవుతుంది, అంటే సుమారు 20 సెకన్లు. ఒకసారికి ఒకే అంశాన్ని మార్చాలన్న శాస్త్రీయ పద్ధతి, పాఠం చెప్పినట్లు కాకుండా, ఇలా చేతుల్లోంచి వంటబడుతుంది.

3. ఒక పరిశీలన పుస్తకం ఇవ్వండి

తేదీ, సమయం, చూసింది, అనుకున్నది. అంతే. చంద్రుడు ఉదయించే వేళను వారం రోజులు రాస్తే, అది సగటున రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతోందని వాళ్లే పట్టుకుంటారు. అక్షర దోషాలు దిద్దడానికి ఆ పుస్తకం ముట్టుకోకండి.

4. విఫలమైన ప్రయోగాన్ని దాచిపెట్టనివ్వకండి

నాటిన గింజ మొలవలేదా? నీళ్లు ఎక్కువయ్యాయా, గింజే పాతదా? రెండు కుండీల్లో మళ్లీ నాటి చూడమనండి.

5. "నాకూ లెక్కలు వచ్చేవి కావు" అనకండి

ఓదార్పుగా అన్న మాటే అయినా, లెక్కలు కొందరికే వస్తాయన్న నమ్మకం పిల్లల్లో నాటుకుపోతుంది. భౌతికశాస్త్రం నుంచి జీవశాస్త్రం దాకా ఎటు వెళ్లాలన్నా గణితం అవసరం. దాన్ని మధ్యలో వదిలేస్తే తర్వాత చాలా దారులు మూసుకుపోతాయి. ఆడపిల్లల ముందు ఈ మాట విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

6. వృత్తులను మనుషుల ద్వారా చూపించండి

శాస్త్రవేత్త అనగానే తెల్లకోటు, గాజు గొట్టాలే గుర్తుకొస్తే పిల్లలకు ఆ ప్రపంచం చాలా ఇరుకుగా కనిపిస్తుంది. వాతావరణాన్ని అంచనా వేసేవారు, రాళ్లను చదివే భూగర్భ శాస్త్రవేత్తలు, రోగకారక క్రిములను గుర్తించే ల్యాబ్ సిబ్బంది, గణాంకాలు విశ్లేషించేవారు, పరిశోధన పరికరాలు తయారుచేసే ఇంజనీర్లు, సైన్స్‌ను అందరికీ అర్థమయ్యేలా రాసేవారు... అందరిదీ సైన్స్ పనే. పరిచయస్థుల్లో ఇలాంటివారు ఒక్కరున్నా, ముందుగా అనుమతి తీసుకుని పిల్లల్ని అరగంట కలిపించండి. "విజయ రహస్యం ఏమిటి?" లాంటి ప్రశ్నలు వద్దు. "నిన్న పొద్దున్నుంచి ఏమేం చేశారు? ఈ మధ్య మిమ్మల్ని బాగా తికమకపెట్టిన సమస్య ఏది?" అని అడగమనండి. సంభాషణలో మీరు కల్పించుకోకండి. తిరిగి వచ్చేటప్పుడు, "పెద్దయ్యాక ఇదే అవుతావా?" అని నిలదీయకుండా, వాళ్లకు ఏది కొత్తగా అనిపించిందో చెప్పమనండి.